ఊపిరి కాలువల మరమ్మతు: ఉబ్బసము కలవారికి కొన్ని మాటలు

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, ఋణముల వాయిదాలను గూర్చియు ఈ పత్రికయందు మాసమాసమును వ్రాయుచున్నాము. వరికి దోమ తగిలినను, కొబ్బరికి నల్లి పట్టినను రైతు సోదరులు మమ్ము అడుగుదురు. మేమును తెలిసినంతవఱకు చెప్పుచుందుము. ఈ మాసమున వేఱొక తెగులును గూర్చి వ్రాయదలచితిమి. ఇది పైరునకు వచ్చు తెగులు కాదు. పైరు పెట్టువానికి వచ్చు తెగులు. కపిలేశ్వరపురమునను, చుట్టుపట్లనున్న కోరుమిల్లి, తాతపూడి, అంగర మొదలగు గ్రామములయందును, సార్వా నూర్పిళ్లు ముగిసి మంచు దిగు దినములలో, తెల్లవారుజామున లేచి అరుగుమీద కూర్చుండి, మోకాళ్లపై చేతులానించి ఊపిరికై పెనుగులాడువారు కానవచ్చుట అందఱును ఎఱిగినదే.

ఆ జబ్బునకు ఉబ్బసమని పేరు. దానిని పోలియు, దానికంటె మొండిదైనది పొగవలన వచ్చు దీర్ఘకాలపు ఊపిరితిత్తుల వ్యాధి. ఈ రెంటిని గూర్చి రోగియు, రోగి యింటివారును తెలిసికొనదగిన సంగతులు పెక్కు కలవు. వానిలో తలమానికమైనదానిని ముందుగనే చెప్పుచున్నాము. ఆయాసము వచ్చినపుడు వాడు మందు ఆ పూటకు గండము గడపును; ఆయాసము లేనపుడు వాడు మందు ఆ గండమునే రానీయదు. మనవారు మొదటిదానిని నమ్ముదురు, రెండవదానిని మానుదురు. ఉబ్బసముచే కలుగు కష్టములలో చాలభాగము ఈ మానుటవలననే కలుగుచున్నది.

ఊపిరి త్రోవ

ఊపిరితిత్తుల నిర్మాణమును తెలిసికొనుటకు డెల్టా రైతునకు వేఱుగా పాఠమక్కఱలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు గోదావరి నీరు ప్రధాన కాలువలనుండి శాఖా కాలువలకును, వానినుండి పిల్లకాలువలకును, తుదకు పంటబోదెలకును చేరి మళ్లను తడుపుచున్నది. మన ఱొమ్ములోను ఇట్టి యేర్పాటే కలదు. గొంతుక దిగువనున్న పెద్ద శ్వాసనాళము రెండుగా చీలి, ఆ రెండును మరల చీలి, ఇట్లు ఇంచుమించు 23 పర్యాయములు చీలికలై, కడపట కోట్లకొలది చిన్న గాలితిత్తులయందు ముగియును. ఆ గాలితిత్తులే మన మళ్లు. ప్రాణవాయువు నెత్తురులో కలియునది అచ్చటనే.

కాలువ చివరి భూములకు నీరు అందకపోవుటకు సాధారణముగ మూడు కారణములుండును. తూము బిగిసిపోవుట యొకటి. గట్లు లోనికి జాఱి కాలువ ఇఱుకగుట రెండవది. గుఱ్ఱపుడెక్కయు ఒండ్రును అడ్డుపడుట మూడవది. ఉబ్బసరోగి శ్వాసనాళములలో జరుగునవియు ఈ మూడే. నాళముల చుట్టునున్న సన్నని కండరములు బిగియును. లోపలి పొర వాచి మందమగును. జిగటయైన కఫము ఊఱి త్రోవకు అడ్డుపడును. అప్పుడు గాలి లోనికి పోవుటకంటె వెలుపలికి వచ్చుట కష్టమగును. ఇఱుకు సందులగుండ గాలి వెలువడునపుడు పుట్టు ఈలవంటి ధ్వనినే మనవారు పిల్లికూతలందురు. వైద్యులు వాడు ఆస్థమా యను మాట గ్రీకు భాషనుండి వచ్చినది; రొప్పుట యని దాని యర్థము.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. కండరముల బిగువు నిమిషములలో పుట్టి నిమిషములలో పోవచ్చును. వాపు అట్లు కాదు. ఆయాసము తగ్గిన తరువాతను అది లోపల నిలిచియే యుండును. పైకి నీరు నిమ్మళముగ పాఱుచున్నను కాలువ అడుగున ఒండ్రు పేరుకొనియున్నట్లే. దాగియున్న ఈ వాపే రేపటి ఆయాసమునకు మూలము.

ఉబ్బసము అంటురోగము కాదు. రోగితో కలిసి తినుటవలనగాని, రోగి బిడ్డను ఎత్తుకొనుటవలనగాని అది వ్యాపింపదు. తుమ్ములు, దద్దుర్లు, ఉబ్బసము కల వంశములలోని పిల్లలకు వచ్చు అవకాశము కొంత హెచ్చు. బిడ్డకు పెరుగును, అరటిపండును, జామపండును మాన్పించి సగము కడుపుతో పెంచుట మన యిండ్లలో ఆచారమైపోయినది. ఫలానా పదార్థము తినినపుడెల్ల ఆయాసము వచ్చుచున్నదని స్పష్టముగ తేలిననే తప్ప అట్టి పథ్యము పనికిరాదు. బిడ్డ చిక్కిపోవుటయే దాని ఫలము. ఈ వ్యాధిని వేళ్లతో పెఱికివేయు మందు నేటివఱకు లేదు. కాని సక్రమముగ మందు వాడువారిలో చాలమంది అందఱివలెనే దున్నుచున్నారు, ఈదుచున్నారు, పరుగెత్తుచున్నారు.

ఒకే దగ్గు, మూడు జబ్బులు

దగ్గును, ఆయాసమును కలిగించు జబ్బులన్నియు ఉబ్బసము కావు. ఉబ్బసము తఱచుగ చిన్ననాటనే మొదలగును, వచ్చిపోవుచుండును, రాత్రివేళను, తెల్లవారుజామునను హెచ్చును, నడుమ కొన్ని దినములు మనిషి పూర్తిగా సుఖముగ నుండును. సి.ఓ.పి.డి. యని వైద్యులు పిలుచు పొగవలని వ్యాధి సాధారణముగ నలుబదియేండ్లు దాటినవారికి వచ్చును. మొదట ప్రాతఃకాలపు దగ్గును, కఫమును; తరువాత మెట్లెక్కినపుడు ఆయాసము; తుదకు పంచె కట్టుకొన్నను ఆయాసమే. ఇందు గాలితిత్తులు చినిగి, నాళములు మచ్చపడి పోవును. పోయిన భాగము మరల రాదు. మిగిలినదానిని కాపాడుకొనుటయే చికిత్స.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన లెక్కలనుబట్టి 2019లో ఉబ్బసము 26 కోట్ల 20 లక్షల మందికి ఉండెను. 4 లక్షల 55 వేలమంది దానిచే మరణించిరి. అదే సంవత్సరమున సి.ఓ.పి.డి. 32 లక్షల 30 వేలమందిని బలిగొన్నది.

ఈ రెండవ వ్యాధికి కారణమైనవానిలో మొదటిది మన లంకలలోనే పండినది. గోదావరి లంకపొగాకు చుట్టకు పేరుపొందినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసినదనగా ఈ పంట మన ప్రాంతమున ఎంత వేళ్లూనినదో తెలియును. పండించిన రైతును నిందించుట మా యుద్దేశము కాదు. ఆ పంట ఎన్ని కుటుంబములకో అన్నము పెట్టినది. కాని చుట్ట త్రాగువాని ఊపిరితిత్తులు ఆ లెక్కను ఎఱుగవు. ఎన్నియేండ్లు త్రాగినవాడైనను, మానిన దినమునుండి ఊపిరి తఱుగుదల మందగించును. డెబ్బదియేండ్లకు మానినను లాభమే.

రెండవ కారణము వంటపొగ. చుట్ట ముట్టని ఆడువారికి ఈ జబ్బు వచ్చుట చూచి ఆశ్చర్యపడువారున్నారు. కొబ్బరిమట్టలు, డొక్కలు, పిడకలు పెట్టి గాలి రాని వంటయింట ముప్పదియేండ్లు పొయ్యి ఊదిన తల్లి ఎంత పొగ మ్రింగియుండునో ఆలోచింపుడు. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతటను ఉజ్వల పథకమును వచ్చి అనేక గృహములకు గ్యాసు పొయ్యిలు చేరినవి. అయినను నీళ్లు కాచుటకును, ధాన్యము ఉడుకబెట్టుటకును పెరటిలో కట్టెపొయ్యి ఇంకను వెలుగుచునేయున్నది. దానిని గాలి ఆడుచోట పెట్టి, పసిబిడ్డను ఆ ప్రక్కకు రానీయకుండుట ఇంటివారి విధి.

మూడవ జబ్బు క్షయ. రెండు వారములకు మించిన దగ్గు ఏదైనను, ఉబ్బసమేయని తలచి యూరకుండరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి కఫపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందులును ఉచితముగ నిత్తురు. ఉబ్బసమో, సి.ఓ.పి.డి.యో తేల్చుటకు గొట్టములోనికి గట్టిగా ఊదించి కొలుచు పరీక్ష యొకటి కలదు. దానికి స్పైరోమెట్రీ యని పేరు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రులలో ఇది చేయుదురు.

రైతు పనిలోని దుమ్ము

దుమ్మువలన వచ్చు ఊపిరి జబ్బు క్రొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో వృత్తిరోగములను గూర్చి వ్రాసిన గ్రంథమున, ధాన్యము జల్లించువారును, కొలుచువారును దుమ్ముచే దగ్గులపాలగుటను వర్ణించినాడు. 1932లో ఇంగ్లండున క్యాంబెల్ అను వైద్యుడు, బూజుపట్టిన గడ్డిని కదలించిన రైతులకు వచ్చు ప్రత్యేక వ్యాధిని వివరించెను. తరువాతి కాలమున దానికి రైతు ఊపిరితిత్తి యని పేరు కలిగినది. తడిసి బూజెత్తిన గడ్డిని త్రవ్విన కొన్ని గంటలకు చలి, జ్వరము, దగ్గు, ఆయాసము వచ్చి, ఒకటి రెండు దినములలో తగ్గిపోవుటచే రోగి దానిని మామూలు జ్వరమని భావించును. మాటిమాటికి వచ్చినచో ఊపిరితిత్తులు గట్టిపడి చెడును.

మన సార్వా కోత కార్తిక మార్గశీర్షములలో తుపానులకు చిక్కుట కలదు. అట్టి యేట పనలు తడిసి, గడ్డివాము లోపల బూజుపట్టును. అట్టి గడ్డిని విప్పునపుడు ఉబ్బసము కలవాడు దూరముగ నుండుటయే మేలు. తప్పనిసరియైనచో గాలి వచ్చు దిక్కున నిలిచి, ముక్కును నోటిని బిగువుగ కప్పు ఎన్-95 ముసుగు ధరింపవలెను. తలగుడ్డ చుట్టుకొన్నచో పెద్ద నలుసు ఆగునేకాని, లోతుగ పోవు సన్నని దుమ్ము ఆగదు. కోతయంత్రము వెనుకను, మండపేట బియ్యపు మిల్లులలో ఊక, తవుడు ఎగురుచోటను, కోళ్లఫారములలోను పనిచేయువారికిని ఈ మాటయే వర్తించును.

గడ్డిని పొలములో కాల్చుటవలన ఒక్కని పని తేలికయగును, ఊరంతయు దగ్గును. భోగిమంటలో కట్టెలు, పిడకలు వేయుట ఆచారము. పాత టైరులు, ప్లాస్టికు సంచులు వేయుట ఆచారము కాదు, విషము. దీపావళి రాత్రియు, భోగి తెల్లవారుజామునను ఉబ్బసము కలవారు తలుపులు మూసికొని లోపలనుండుట మంచిది. మన ప్రాంతపు చెమ్మవలన పరుపులలోను, దిండ్లలోను కంటికి కనబడని పురుగులు పెరుగును. ఇవి చాలమందికి ఆయాసమును రేపును. వారమునకొకమాఱు దుప్పట్లను మరగిన నీటిలో ఉతికి, పరుపులను తీక్ష్ణమైన ఎండలో వేయవలెను. ఇది ఖర్చులేని పని.

ఒంటినొప్పులకు దుకాణమున అడిగి కొను మాత్రలు కొందఱు ఉబ్బసరోగులలో ఆయాసము పుట్టించును. రక్తపోటుకు ఇచ్చు కొన్ని మందులును అట్టివే. కావున ఏ వైద్యుని యొద్దకు ఏ జబ్బుకై పోయినను, నాకు ఉబ్బసము కలదని ముందుగ చెప్పవలెను.

రెండు మందులు, రెండు పనులు

ఊపిరిలోనికి పీల్చు మందునకు ఒక చిన్న చరిత్ర కలదు. 1955లో అమెరికా దేశమున రైకర్ అను ఔషధసంస్థ అధ్యక్షుడైన జార్జి మైసన్ కుమార్తెకు ఉబ్బసముండెను. పదుమూడేండ్ల ఆ బాలిక, తన మందును అత్తరు చిమ్ము సీసావలె ఏల చేయరాదని తండ్రి నడిగినదట. ఆ ప్రశ్నయే కారణముగ 1956లో ఒక్కొక్క నొక్కునకు కొలతగ మందు చిమ్ము చేతిగొట్టము వెలువడినది. 1969లో సాల్బుటమాల్, 1972లో బెక్లోమెథసోన్ అను మందులు ఈ రూపమున వచ్చినవి.

సాల్బుటమాల్ బిగిసిన కండరములను వదులుచేయును. కొద్ది నిమిషములలో పనిచేయును. నాలుగైదు గంటలలో దాని బలము తీఱును. ఇది బిగిసిన తూము నెత్తు మందు. బెక్లోమెథసోన్, బుడెసోనైడ్ మొదలగునవి స్టిరాయిడు జాతివి. అవి వాపును తగ్గించును. పీల్చిన వెంటనే ఏమియు తెలియదు. దినములు, వారములు గడచిన కొలది గుణము కనబడును. ఇవి ఒండ్రు తీయు మందులు.

మొదటిదాని గుణము వెంటనే తెలియును గనుక రోగి దానినే నమ్మును. రెండవదాని ఫలము ఏమియు జరుగకుండుటయే గనుక దానిని వృథాయని మానివేయును. వేసవిలో కాలువలు కట్టివేసి ఒండ్రు తీయించుట, గుఱ్ఱపుడెక్క తీయించుట చూచి, పైరు లేనపుడు ఈ ఖర్చు ఎందుకని అడుగు రైతు మనలో ఎవడైన కలడా? ఆ పని మానిన యేట చివరి భూమి గతి యేమగునో మనకు తెలియును. ఊపిరి కాలువల విషయమునను న్యాయము అదియే.

2014లో ఇంగ్లండు మొదలగు బ్రిటిషు ప్రాంతములలో 195 ఉబ్బస మరణములను ఒక్కొక్కటిగ విచారించిన నివేదికను వైద్యులు ప్రకటించిరి. వారిలో 45 శాతము మంది వైద్యసహాయము కోరకయే, లేక అది అందకముందే చనిపోయిరి. తూమునెత్తు మందును సంవత్సరమున పండ్రెండు గొట్టములకు మించి వాడినవారు పెక్కురుండిరి. ఆసుపత్రులకు కొదువలేని దేశమున ఇట్లయినపుడు, నడిరేయి పడవకై ఎదురుచూడవలసిన లంకవాసి ఎంత జాగరూకుడై యుండవలెనో వేఱుగ చెప్పవలయునా? 2019నుండి అంతర్జాతీయ ఉబ్బస సంస్థయైన గినా, పెద్దవారికి తూమునెత్తు మందును ఒంటరిగ ఇయ్యరాదనియు, వాపు తగ్గించు మందును తప్పక జతచేయవలెననియు చెప్పుచున్నది. ఆ రెండు గుణములు కల మందులు నేడు ఒకే గొట్టమున దొరకుచున్నవి.

ఇక అపోహలు. గొట్టము పట్టినచో జీవితమంతయు అలవాటగునని కొందఱందురు. కల్లువలెనో, చుట్టవలెనో అలవాటగు గుణము ఈ మందులకు లేదు. జబ్బు దీర్ఘకాలము నిలుచునది గనుక మందును దీర్ఘకాలము కావలసివచ్చుచున్నది. మాత్ర తేలిక, గొట్టము ఘాటు అని మఱికొందఱందురు. లెక్క చూతము. సాల్బుటమాల్ గొట్టము ఒక నొక్కునకు 100 మైక్రోగ్రాములు చిమ్మును. రెండు నొక్కులు 200. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములుండును, అనగా 4000 మైక్రోగ్రాములు. మాత్ర ఇరువదిరెట్లు ఎక్కువ మందు. అది ఒళ్లంతయు తిరిగి, గుండెదడయు చేతివణకును కలిగించి, కొంతమాత్రమే ఊపిరితిత్తులకు చేరును. గొట్టము నీటిని పైరు మొదటనే పోయుట. మాత్ర చేనంతయు ముంచుట.

మఱియొక ప్రమాదము కలదు. ఒక్క సూదితో ఆయాసము పోగొట్టెదమనువారు ఇచ్చునది తఱచు స్టిరాయిడే. తీవ్రమైన ఆయాసమునందు వైద్యుడు కొలదిదినములు ఇచ్చినచో అది ప్రాణరక్షకము. నెలనెలయు, ఏమందో తెలియక తీసికొన్నచో ముఖము ఉబ్బును, ఎముకలు పెళుసగును, చక్కెర జబ్బు వచ్చును. పేరు చెప్పని పొట్లపు మందులును ఇట్లే అనుమానింపదగినవి.

హైదరాబాదున మృగశిర కార్తె ప్రవేశించునపుడు బత్తిని వంశీయులు ఇచ్చు చేపప్రసాదమును గూర్చి మమ్ము అడుగువారు కలరు. తమ పూర్వులు 1845నుండి ఇచ్చుచున్నారని ఆ కుటుంబమువారు చెప్పుదురు. బ్రతికియున్న చిన్న కొరమీను నోట పసుపువర్ణపు మందునుంచి మ్రింగించుటయు, మూలుము పుచ్చుకొనక ఇచ్చుటయు లోకవిదితమే. భక్తితో పోవువారిని మేము వారింపము. కాని అది ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షలలో నిరూపణ కాలేదు. ఈ వ్యాధి తనంత తాను హెచ్చి తగ్గుచుండునది గనుక, తగ్గిన మాసమున తీసికొన్న దేదైనను ఘనముగ కనబడును. పోయి వచ్చినవారైనను ప్రతిదినపు మందును మానరాదు. మాకు కావలసినది ఈ యొక్క మాటయే.

మందు పీల్చు విధము

మంచి మందు చెడ్డ పీల్పువలన వ్యర్థమగును. నొక్కు గొట్టమును మొదట బాగుగ కుదుపవలెను. ఊపిరిని పూర్తిగ వదలవలెను. గొట్టపు మూతిని పెదవులతో బిగియబట్టి, నెమ్మదిగ పీల్చుట మొదలిడుచునే ఒకమాఱు నొక్కవలెను. తుదివఱకు పీల్చి, పదివఱకు లెక్కించునంతసేపు ఊపిరి బిగబట్టవలెను. రెండవ నొక్కునకు అర నిమిషము ఆగవలెను. స్టిరాయిడు మందైనచో నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. లేనిచో నోట తెల్లపొరయు, గొంతు బొంగురును కలుగవచ్చును. పొడిమందు గొట్టమైనచో పద్ధతి వేఱు: దానిని బలముగ, వేగముగ పీల్చవలెను. అందులో వేయు గొట్టపుబిళ్లను నీళ్లతో మ్రింగువారు కలరు. అది కడుపులోనికి పోవలసినది కాదు.

పిల్లలకును, వృద్ధులకును నొక్కుటయు పీల్చుటయు ఒక్కమాఱే కుదరదు. వారికి స్పేసర్ అను డొల్లగొట్టమును నడుమ అమర్తురు. కొనలేనివారికొక సంతోషవార్త: 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో వైద్యులు అరలీటరు ప్లాస్టికు సీసాకు తూటుచేసి, గొట్టమును అందు బిగించి, ఆయాసపడు పిల్లలకు ఇచ్చి చూడగా, అది అంగడి స్పేసరుతో సమానముగ పనిచేసినది. వైద్యునికో, నర్సుకో చూపి, కంతలు లేకుండ చేయించుకొనవచ్చును.

గొట్టముల రంగులు కంపెనీకొకరీతిగ నుండును, రంగునుబట్టి నమ్మరాదు. ఏది ప్రతిదినమునకో, ఏది ఆపదకో వైద్యునడిగి, కాగితపు ముక్కపై వ్రాసి అంటింపుడు. గర్భిణులు భయపడి మందు మానరాదు. ఊపిరాడని తల్లివలన బిడ్డకు కలుగు కీడే పెద్దది.

ఆపదవేళ

మన కపిలేశ్వరపురము హరికథా పాఠశాలకు పేరొందినది. దీర్ఘమైన మాటను ఒక్క గుక్కలో పలుకుటకు ఎంత ఊపిరి కావలెనో హరికథ చెప్పువారెఱుగుదురు. ఆయాసపడువానిని చూచినపుడు వైద్యుడు గమనించునదియు అదే. ఒక వాక్యమును ఆగక చెప్పలేకున్నను, పెదవులు నీలివన్నె తిరిగినను, మెడ, ప్రక్కటెముకల నడిమి చర్మము లోనికి గుంజుకొనుచున్నను, మగతగ నున్నను అది ప్రాణాపాయము. పిల్లికూతలు ఆగిపోయి రోగి సొమ్మసిల్లుట మేలుకొనుట కాదు. గాలియే ఆడుటలేదని దాని యర్థము.

అప్పుడు రోగిని పండుకొనబెట్టరాదు, కూర్చుండబెట్టవలెను. చుట్టు మూగరాదు. ఆపదమందును స్పేసరుద్వారా ఒక్కొక్క నొక్కుగ నాలుగు నొక్కులు ఇయ్యవలెను. నాలుగు నిమిషములలో తేఱుకొననిచో మరల నాలుగు ఇయ్యవలెను. పైని చెప్పిన అపాయపు గుర్తులున్నచో మొదటి నొక్కుతోపాటే 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చువఱకు మందు ఇచ్చుచునే యుండవలెను. తెల్లవారనిమ్మను మాటవలన పోయిన ప్రాణములు పెక్కు.

కేదార్లంకవంటి లంకగ్రామములవారు ఆషాఢమునకు ముందే ఒక గొట్టము అదనముగ దాచుకొనవలెను. వరద వచ్చి రేవు మూసినపుడు దుకాణము ఆవలి గట్టున నుండును.

ఊపిరికి ఒక లెక్కపుస్తకము

సంఘములో అప్పునకును జమకును లెక్క వ్రాసికొనుట మనకు అలవాటే. ఊపిరికిని అట్టి పుస్తకము ఉండవలెను. వారమున ఎన్నిమాఱులు ఆపదమందు వాడితిని? ఎన్ని రాత్రులు ఆయాసముతో లేచితిని? ఏ పని మానితిని? వారమునకు రెండుమాఱులకు మించి ఆపదమందు వాడుచున్నచో జబ్బు అదుపులో లేదని గుర్తింపవలెను. పీక్ ఫ్లో మీటరు అను చిన్న పనిముట్టులో గట్టిగ ఊదినచో ఊపిరి బలము అంకెలలో తెలియును. సుఖముగనున్న దినమున 400 చూపువాడు 320కి దిగినచో జాగ్రత్తపడవలెను. 200కు దిగినచో ఆపదమందు తీసికొని వైద్యునొద్దకు పోవలెను. దేహము చెప్పకముందే అంకె చెప్పును.

సహకార సంఘములు ఈ విషయమున కొంత చేయగలవు. సంఘ కార్యాలయమున ఒక పీక్ ఫ్లో మీటరు నుంచవచ్చును. నూర్పిళ్లకు ముందు ఎరువుల బస్తాలతోపాటు ముసుగులను టోకున తెప్పించి ఇయ్యవచ్చును. జన ఔషధి దుకాణములలో ఇవే మందులు తక్కువ వెలకు దొరకునన్న సంగతిని పలకపై వ్రాయవచ్చును. గడ్డి కాల్పక కట్టలు కట్టించు యంత్రమును ఉమ్మడిగ అద్దెకు తేవచ్చును. ఒక రైతు ఊపిరాడక నాట్లనాడు మూలపడినచో ఆ నష్టము బ్యాంకు లెక్కలలో కనబడదు. ఇంటివారి కంచములలో కనబడును.

ఈ పత్రికను చదువువారిలో ఉబ్బసము లేనివారే హెచ్చు. మీ యింటనో, మీ వీథినో ఉన్న రోగికి ఈ పుటను చదివి వినిపింపుడు. అతడు సుఖముగనున్న దినమున, ఈ పూట మందు పీల్చితివా యని అడుగుడు. కాలువలు కట్టివేసిన వేసవిలోనే కదా మనము చివరి భూమికి నీరు దక్కించుకొనునది.